ఎవరికి ఏ వేలు

డ్యాం గేటు కొట్టుకుపోయిన ఏడాది అది. ఆ వానాకాలమంతా నా సరుకు కోల్డ్ స్టోరేజీలో, మా అక్క కూతురు అనూష నా ఇంట్లో ధర కోసం కాచుకొని ఉన్నట్టుండేది నాకు. మాట మోటుగా ఉందని తెలుసు. కురుగోడులో ముప్పయ్యేళ్ళుగా మిరపకాయల వ్యాపారం చేస్తున్నవాడిని. దేన్ని చూసినా ఇది ఎవరికి పనికొస్తుంది, వాళ్ళ కంట ఎట్లా పడేయాలి అన్నదే ముందు తోస్తుంది.

అనూష జూన్‌లో వచ్చింది. ఎలక్షన్ ఫలితాలు వచ్చి వారం కాలేదు. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో ఆరేళ్ళ కూతురు ఆశ. మా అక్క ఊరు సరిహద్దు అవతల, ఆంధ్రలో. బళ్ళారి నుంచి పెద్ద దూరమేమీ కాదు గానీ రాష్ట్రం వేరు, రాజకీయం వేరు. అక్కడ ఐదేళ్ళు అనూష వాలంటీరుగా పనిచేసింది. యాభై ఇళ్ళు ఆమెకు అప్పజెప్పారు. ఒకటో తేదీ తెల్లారకముందే పింఛను డబ్బులు, వేలిముద్ర మిషను పట్టుకొని ఇల్లిల్లూ తిరిగేది. రేషను కార్డులో పుట్టినవాళ్ళ పేరు ఎక్కించాలన్నా, పోయినవాళ్ళ పేరు తీయించాలన్నా ఆమే. దానికిచ్చేది జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఎలక్షన్ ముందు ఊరి నాయకుడొకడు వాలంటీర్లను కూర్చోబెట్టి రాజీనామాలు రాయించుకున్నాడు. గెలిచినాక మళ్ళీ మీరే అన్నాడు. గెలవలేదు. రాజీనామా ఇవ్వనివాళ్ళకూ చివరికి పని మిగల్లేదు, అది వేరే సంగతి.

పని పోయిన మాట ఎమ్మిగనూరుకు చేరింది. ఎమ్మిగనూరు ఇటువైపుదే, కురుగోడుకు దగ్గర, అనూష మొగుడు శివు ఊరు. ఆశ కడుపులో ఉన్నప్పుడే ఇద్దరూ విడిపోయారు. వాడు రక్షిత అనే పిల్లను మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకు పిల్లలు కలగలేదు. ఇన్నేళ్ళూ బిడ్డ ముఖం చూడనివాళ్ళు ఇప్పుడు కులపెద్ద జంబన్న దగ్గరకు పోయి, బిడ్డను మాకిప్పించు అన్నారు. కోర్టుకు పోవచ్చు గదా అంటారు మీరు. మావాళ్ళలో ఎవరూ పోరు. పోయినవాళ్ళ ఇంటి పెళ్ళికి గానీ చావుకు గానీ ఎవరూ రారు.

పంచాయతీ ఎమ్మిగనూరులోనే జరిగింది. జంబన్న మంచం మీద కూర్చొని, ముందు అందరికీ మజ్జిగ ఇప్పించాడు.

"ఏమ్మా అనూషా, బిడ్డను సాకనీకి ఏముండాది నీ దగ్గర? మీ మామ అంగడా? మామ ఇయ్యాల ఉంటాడు, రేపు పోతాడు."

"నేనింకా బతికే ఉండా గదప్పా జంబన్నా," అన్నాను పక్కనుంచి.

"ఉండప్పా హొన్నూరప్పా, ఉండు. నిన్ను పొమ్మన్నది ఎవురు?"

అందరూ నవ్వారు. నవ్వు అణిగాక జంబన్న తీర్పు చెప్పాడు. "దసరా దాకా టైమిస్తాండాం. నెల జీతం వచ్చే ఉద్యోగం ఒకటి చూపించు, బిడ్డ నీ తావే ఉంటాది. లేకుంటే పండగ అయినాక శివు ఇంటికి. పాపకు ఆడేం కొదువ లేదు. మాగాణి ఉండాది, ట్రాక్టరు ఉండాది."

అది అన్యాయపు తీర్పని ఆ రోజు నాకనిపించలేదు. టైము ఇచ్చాడు, షరతు చెప్పాడు. ఇంక చేయాల్సింది ఉద్యోగం సంపాదించడమే అనుకున్నాను.

సిద్ధేశ్ కంప్యూటర్ అంగడి కురుగోడు బస్టాండు పక్కన. జెరాక్సు, బస్ పాసు, పెళ్ళి కార్డు, రెజ్యూమ్, అన్నీ అక్కడే. వాడు అప్పటికే తయారుగా ఉన్న ఒక రెజ్యూమ్ తెరిచి, అందులో పాత పేరు చెరిపి అనూష పేరు, కింద వాళ్ళ నాన్న పేరు కొట్టాడు.

"పేరాయ్తు, అప్ప పేరాయ్తు. హాబీస్ ఏం పెట్టాలక్కా? రీడింగ్, మ్యూజిక్, క్రికెట్ అని ఉండాది."

"క్రికెట్ తీసేయప్పా," అన్నాను.

"ఉండనీ మామా. అందరికీ అదే ఉండాది. ఎవురూ చదవరు. ఎక్స్‌పీరియెన్స్ ఏమన్నా ఉండాదా అక్కా?"

"వాలంటీరు. ఐదేండ్లు," అంది అనూష.

సిద్ధేశ్ వేళ్ళు ఆగిపోయాయి. "అక్కా, ఈడ వాలంటీర్ అంటే ఏమనుకుంటారు గొత్తా, తెల్సా? కాలేజీ ఫంక్షన్లో బ్యాడ్జి తగిలించుకొని నీళ్ళ గ్లాసులు ఇచ్చేటోళ్ళు అనుకుంటారు. కింద ఒక లైను పెడ్తాలే, హాబీస్ పైన."

"నేను నీళ్ళ గ్లాసులు ఇయ్యలేదు."

"నాకు తెల్సక్కా. వాళ్ళకు తెలియాల గదా. సర్టిఫికెట్ ఏమన్నా ఇచ్చినారా?"

"అడిగినా. రాజీనామా చేసినోళ్ళకు ఇయ్యరంట. లిస్టులో మీ పేర్లే లేవు, ఏం చూసి ఇయ్యాల అన్నారు."

సిద్ధేశ్ నావైపు చూశాడు. నేను స్టూలు ముందుకు జరుపుకున్నాను. సరుకు బాగుండి కూడా అమ్ముడు పోవడం లేదంటే, కొనేవాడికి ఏం చూపించాలో అది చూపించడం లేదన్నమాట. "నువ్వు చేసిన పనులన్నీ చెప్పు పాపా, ఒక్కొక్కటే," అన్నాను.

చెప్పింది. పింఛన్లు, రేషన్లు, సర్వేలు, కరోనాలో ఇంటింటికీ పోయి జ్వరాలు చూడటం. సిద్ధేశ్ ఒక్కోదాన్నీ ఇంగ్లీషులోకి తిప్పి కొడుతూ పోయాడు. చదివి వినిపిస్తే అది ఎవరి రెజ్యూమ్ అయినా కావచ్చు అన్నట్టుంది.

"ఇంగేమన్నా? నీకు తప్ప ఇంకొకరికి తెలియనిది?" అన్నాను.

ఆమె తన వేళ్ళకేసి చూసుకుంది. "ఎవురికి ఏ వేలు పడ్తాదో తెల్సు."

మాకర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ముసలివాళ్ళ బొటనవేళ్ళు మిషను మీద పడవు. జీవితమంతా పత్తి తీసి, మిరపకాయలు కోసి, రాళ్ళు కొట్టి గీతలు అరిగిపోయి ఉంటాయి. అయితే ప్రతి మనిషికీ ఏదో ఒక వేలు మిగిలి ఉంటుంది. దాన్ని పట్టుకోవాలి. గోరువెచ్చటి నీళ్ళతో కడిగించి, తలవెంట్రుకలకు రుద్దించి పెట్టిస్తే పడుతుంది. మొదట్లో ఒక్కొక్కరికీ పది వేళ్ళూ పెట్టించి చూసేది. తర్వాత చూసే అవసరం లేకపోయింది.

"యంకమ్మవ్వకు ఎడం చెయ్యి నడిమి వేలు. కుంటి బసప్పకు కుడి చిటికెన వేలు. అట్ల."

సిద్ధేశ్ నవ్వాడు. "ఇది రెజ్యూమ్‌లో రాస్తారా అక్కా?"

"రాయి," అన్నాను. "కింద గాదు, పైన రాయి. పేరు కింద మొదటి మాట అదే ఉండాల. సరిహద్దులో యాభై ఇండ్లోళ్ళు ఈమె పిలిస్తే తలుపు తీస్తారు, ఈమె పెట్టమన్న వేలు పెడ్తారు అని రాయి."

"ఇంగ్లీషులో దాన్ని ట్రస్ట్ అంటారు మామా."

"ఏదో ఒకటి. బాగ కనపడాల."

"అది అమ్ముకునేదా మామా?" అంది అనూష.

"అమ్మేదేం గాదు పాపా. చూపించేది."

జూలై అంతా చూపించాం. బళ్ళారిలో బట్టల షోరూములో, నర్సింగ్ హోములో, ప్రైవేటు స్కూల్లో. ఇటువైపు కన్నడం చదవడం రాయడం రావాలన్నారు. ఆమెకు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. అటువైపు గుంతకల్లులో ఒక మిల్లుకు పోతే, మేనేజరు మొదటి లైను చూసి, "వాలంటీరా? ఏ పార్టీ?" అన్నాడు. అనూష ఏ పార్టీ కాదంది. "మాకు తెలుసులేమ్మా," అని కాగితం మడిచి ఇచ్చేశాడు. ఇటువైపువాళ్ళకు ఆ పని ఏమిటో తెలియదు, అటువైపువాళ్ళకు తెలిసిందే ఎక్కువైంది.

ఆ రోజుల్లో ఇల్లు సందడిగా ఉండేది, ఆశ వల్ల. సబ్బు పెట్టె తెచ్చి నా ముందు కూర్చొనేది. అదే మిషను.

"వేలు పెట్టు తాతా."

పెట్టేవాణ్ణి.

"రాలేదు. ఇంగో వేలు."

"ఇదన్నా వచ్చిందా?"

"రాలేదు. నీకు పింఛను లేదు, పో."

నా భార్య రుద్రమ్మకు మాత్రం మొదటి వేలుకే వచ్చేది. "అవ్వకు వచ్చింది!" అని గంతులేసేది. రుద్రమ్మ కొంగులోంచి బెల్లం ముక్క తీసి ఇచ్చేదిలెండి.

ఆగస్టులో గేటు కొట్టుకుపోయింది. ఊళ్ళో ఎక్కడ నలుగురు కలిసినా అదే మాట. నిండిన డ్యాం కళ్ళముందే ఖాళీ అవుతుంటే రైతులు అప్పుడే రెండో పంట పోయినట్టు మాట్లాడారు. మిరపకాయ ధర ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. ఆ వారంలోనే అనూషకు ఫోను వచ్చింది. సిద్ధేశ్ ఏదో యాప్‌లో పెట్టిన రెజ్యూమ్ చూసి, ఒక సోలార్ కంపెనీవాళ్ళు బళ్ళారికి రమ్మన్నారు.

ఆఫీసు ఒక అద్దె ఇంట్లో ఉంది. ప్రవీణ్‌కుమార్ అనే ఆఫీసరు, ముప్పయ్యేళ్ళుంటాయేమో, మర్యాదస్థుడు. నన్ను కూడా కూర్చోమని టీ తెప్పించాడు.

"ఈ మొదటి లైను నిజమేనా అండీ?"

"నిజమే సార్."

"మా టీము ఎండాకాలం నుంచి సరిహద్దు అవతల మీ వైపు ఊళ్ళలో తిరుగుతోంది. సగం ఇళ్ళు తలుపే తీయవు. తీసినా ముసలివాళ్ళ వేలు మిషను మీద పడదు. మీ లైను చూసి మా సార్ పడీపడీ నవ్వి, ఈ అమ్మాయిని వెంటనే పిలవండి అన్నారు." తన ముందున్న కంప్యూటర్లో ఏదో వెతికాడు. "యంకమ్మ. రాళ్ళ చేను. ఎవరో చెప్పండి?"

"ఎడం చెయ్యి నడిమి వేలు," అంది అనూష.

అతను నవ్వి కుర్చీలో వెనక్కి వాలాడు. నాకు ఆ నవ్వు బాగా తెలుసు. మనసులో బేరం కుదిరిపోయి, బయటికి చెప్పని వాడి నవ్వు.

పని ఏమిటో దాచకుండా చెప్పాడు. ఆ మెట్ట చేలను సోలారుకు ఇరవై తొమ్మిదేళ్ళు కౌలుకు తీసుకుంటారు. ఏటా డబ్బులిస్తారు. రిజిస్ట్రేషన్‌కు ముందు, ఒప్పుకున్నట్టు రైతు వేలిముద్ర కావాలి. "మీరు అబద్ధం చెప్పక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వాళ్ళకిష్టమైతేనే."

"చెప్పకుండా నేను ఎవురితోనూ వేలు పెట్టించను సార్."

"మాకు కావాల్సిందీ అదే."

ఆర్డరు కాగితంలో ప్రాజెక్టు ఉన్నంత కాలం అని ఉంది. సోలారు ఇరవై తొమ్మిదేళ్ళు ఉంటుంది గనక ఉద్యోగమూ అంతేననుకున్నాను. కాగితం చదవకుండా సంతకం పెట్టేవాణ్ణి కాదు నేను. చదివే అట్లా అనుకున్నాను.

జంబన్నకు ఫోను చేశాను. "సంతోషమప్పా," అన్నాడు. "దసరాకు తీసకరా. అప్పటికీ ఉండాల గదా." ముసలాయన ఎప్పుడూ అంతే అనుకొని పెట్టేశాను. ఆ రోజు రుద్రమ్మ పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది.

మొదటి రోజు కంపెనీ జీపులో నేనూ పోయాను, అక్కను చూసినట్టుంటుందని. జనం చేలకు పోకముందే చేరాలని చీకటితోనే బయలుదేరాం. ఊళ్ళో దిగేసరికి కోళ్ళు కూస్తున్నాయి. పింఛను ఇవ్వడానికి అనూష తిరిగే వేళ కూడా అదే. నాకప్పుడు ఆ సంగతి తట్టలేదు.

మొదటి ఇల్లు యంకమ్మది. నాపరాళ్ళు కప్పిన చిన్న ఇల్లు. మొగుడు లేడు, ఉన్న ఒక్క కొడుకూ కిందటేడు పోయాడు. అనూష "అవ్వా" అని ఒక్కసారే పిలిచింది.

"అనూషమ్మ వచ్చింది!" లోపల్నుంచే కేక. "వచ్చినావా పాపా! ఆ కొత్తాయన మిషను నా వేలు పట్టనే పట్టదు. మూడు తూర్లు తిప్పినాడు నన్ను." తలుపు తీస్తూనే ఎడమ చేతి నడిమి వేలు నెత్తి వెంట్రుకలకు రుద్దుకొని, చెయ్యి ముందుకు చాపింది.

"అవ్వా, ఇది పింఛను గాదు."

"ఏదైతే ఏంది."

"నీ చేను గురించి. కంపెనోళ్ళు కౌలుకు అడుగుతాండారు. ఇరవై తొమ్మిదేండ్లు. కంచె వేస్తారు. మల్ల నువ్వు దున్నుకోనీకి ఉండదు."

"ఇరవై తొమ్మిదేండ్లా!" ముసలామె పళ్ళులేని నోటితో నవ్వింది. "అప్పటికి నన్ను దున్నింటారు పో."

"నవ్వేది గాదవ్వా. ఒక మాట ఆలోచించుకో. మీ తమ్ముని కొడుకును అడుగు."

"వాణ్ణి అడిగేదేంది? ఐదేండ్లలో వాడు ఒక్క దినమన్నా నా తలుపు కొట్టినాడా? నువ్వు కొట్టినావు. నువ్వు తెచ్చినాక నాకు ఆలోచన ఎందుకు? పట్టు, చెయ్యి నొస్తాంది."

చెయ్యి అట్లాగే చాపి ఉంది. ప్రవీణ్‌కుమార్ మిషను పట్టుకొని నిలబడ్డాడు. అనూష నావైపు చూసింది.

చెప్పాల్సింది చెప్పింది గదా అనుకున్నాను. మా వ్యాపారంలో అంతమాత్రం చెప్పేవాడే లేడు. తల ఊపాను.

ఆమె ముసలామె చెయ్యి పట్టుకొని వేలిని మిషను మీద పెట్టింది. పచ్చ లైటు వెలిగింది.

"ఒకే దెబ్బకు!" అన్నాడు ప్రవీణ్‌కుమార్.

ఎండెక్కే లోపల ఆ వీధంతా అయిపోయింది. ప్రతి ఇంట్లో అనూష పూర్తిగా చెప్పింది. ప్రతి ఇంట్లో మాట పూర్తి కాకముందే వేలు వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు జీపులో అనూష నావైపు తిరిగింది.

"ఎవురూ ఇనలేదు మామా."

"నువ్వు చెప్పినావు గదా."

"చెప్పినా. ఎవురూ ఇనలేదు."

సెప్టెంబరు నడిమికి యాభై ఇళ్ళూ అయిపోయాయి. కంపెనీవాళ్ళు అనుకున్నదానికంటే చాలా ముందే. మొదటి జీతంతో ఆశను ఇక్కడి ఇంగ్లీషు మీడియం స్కూల్లో చేర్చింది. బూట్లు కొంది. ఆశ ఆ బూట్లు ఇంట్లో కూడా విప్పేది కాదు. మిరపకాయ ధర లేకపోయినా ఆ నెల మా ఇంట్లో అందరం బాగా నవ్వాం. రుద్రమ్మ అయితే పాపకు పెద్దయ్యాక ఏ గది ఇవ్వాలో కూడా అనేసుకుంది.

పెద్దల అమావాస్య ఇంకా వారం ఉందనగా, యంకమ్మ మా అంగడికి వచ్చింది. మా అక్క బస్సెక్కించి పంపిందట. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. అరుగు మీద కూర్చొని, నీళ్ళు తాగి, అనూషను చూసి ముఖం ఇంత చేసుకుంది.

"పాపా, కంచె వేసినారు గదా. ఆ వాచ్‌మెను యాడి దేశపోడో, మనమాట తెలీదు. లోపలికి పోనియ్యడు. నువ్వొక మాట చెప్పు."

"లోపల ఏం పని అవ్వా నీకు?"

"అమాస వస్తాండాది గదే. నా కొడుకు ఆడే ఉండాడు గదా, మూలకు, రేగిచెట్టు కింద. నీళ్ళు చల్లి, వానికి ఇంత అన్నం ఎడపెట్టి వస్తా. ఒక్క గడియ చాలు."

అనూష వచ్చి ఆమె పక్కన అరుగు మీద కూర్చుంది. "సమాధి చేన్లో ఉండాదని ఆ దినం నాకు చెప్పలేదేమి అవ్వా?"

"చెప్పేదేంది?" యంకమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "వాడు పోతే కార్డులో పేరు తీయించింది నువ్వే గదా. నా ఇంటి సంగతి నాకంటే నీకే బాగ తెల్సు. చూసుకోనింటావులే అనుకుంటి."

ముసలామె మా ఇంట్లోనే అన్నం తిని, ఆశతో ఆడుకొని, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది. పోతూ పోతూ, "మరచిపోవద్దు పాపా," అంది. అంతే.

అనూష ఫోను చేస్తే ప్రవీణ్‌కుమార్, సైటువాళ్ళది వేరే టీము, అడిగి చెప్తానన్నాడు. చెప్పలేదు. మరుసటి రోజు ఇద్దరం బళ్ళారి పోయాం. ఆఫీసులో బల్లలు బయట పెట్టి ఉన్నాయి. కంప్యూటర్లు అట్టపెట్టెల్లోకి ఎక్కుతున్నాయి.

"నేనే ఫోను చేద్దామనుకుంటున్నాను మేడమ్," అన్నాడు ప్రవీణ్‌కుమార్. "మీ ఏరియా పూర్తయింది. నెలాఖరు వరకు మీ జీతం వేసేశాం. చాలా బాగా చేశారు. పైవాళ్ళకూ రాశాను."

"పూర్తయిందంటే?"

"సంతకాల పని అయిపోయింది కదా. ఈ ఆఫీసు ఎత్తేస్తున్నాం. ఆ తర్వాత సైటు పని. అది వేరేవాళ్ళు చూస్తారు."

"వేరే ఊర్లు ఉంటాయి గదా సార్? నేను యాడికైనా పోతా."

అతను ఇబ్బందిగా నావైపు చూసి, మళ్ళీ ఆమెవైపు చూశాడు. "అక్కడ మీకు ఎవరు తెలుసు మేడమ్? ఆ ఊళ్ళకు ఆ ఊరి అమ్మాయినే తీసుకున్నాం. ఆమె కూడా వాలంటీరే."

నేను గొడవ పెట్టుకోవాలని నోరు తెరిచి, మూసుకున్నాను. ఏమని గొడవ? అతని చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. కొన్న సరుకు ఇంటికి చేరాక అమ్మినవాణ్ణి ఎవడు మేపుతాడు? మొదటి లైనులో నేను రాయించింది ఆ యాభై ఇళ్ళనే. యాభై ఇళ్ళూ అయిపోయాయి.

అనూష ఉద్యోగం సంగతి మళ్ళీ ఎత్తలేదు. "యంకమ్మవ్వను ఒక్క అమాసకు లోపలికి పోనిస్తారా సార్?" అంది.

"ఒప్పందంలో అది లేదు మేడమ్. లోపల కరెంటు పని జరుగుతోంది, పోనివ్వరు." ఒక అట్టపెట్టె పక్కకు జరిపి, "నాదీ డిసెంబరు వరకే," అన్నాడు. అబద్ధం చెప్పినట్టనిపించలేదు.

అమావాస్య రోజు అనూష ఊరికి పోయింది. వెనక్కి వచ్చాక ఏం జరిగిందో చెప్పలేదు. మా అక్క ఫోనులో చెప్పింది. యంకమ్మ కంచె బయటే ఎడపెట్టి వచ్చిందట. అనూష పక్కన నిలబడితే, ముసలామె ఎప్పటిలాగే మాట్లాడిందట. వీధిలో మిగతావాళ్ళు మాత్రం అనూషను చూసి తలుపులు దగ్గరికి వేసుకున్నారట.

మిగిలిన రోజుల్లో నాకు తెలిసిన ప్రతి అంగడికీ తిప్పాను. మిల్లులు, పెట్రోలు బంకు, ఎరువుల డిపో. పండగ ముందు ఎవరూ కొత్తవాళ్ళను పెట్టుకోరు. పండగ అయినాక రమ్మన్నారు.

పండగ అయిపోయింది. ఎమ్మిగనూరులో జంబన్న మళ్ళీ మజ్జిగ ఇప్పించాడు. ఎదురుగా శివు, పక్కన రక్షిత. సన్నటి పిల్ల, తలెత్తలేదు. ఆమె చేతిలో ఒక కొత్త స్కూలు సంచి ఉంది, బొమ్మలు వేసింది. కొనుక్కొనే వచ్చారన్నమాట.

"ఏమాయెనమ్మా ఉద్యోగం?"

"ఉండె. పోయింది," అంది అనూష.

నేను లేచాను. "నా అంగట్లో పెట్టుకుంటాండా. నెల జీతం. కాగితం మీద రాసిస్తా."

"కూసో హొన్నూరప్పా. మిరపకాయ రేటు ఎంతుండాది ఇప్పుడు?"

ఎంతుందో అక్కడున్న అందరికీ తెలుసు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నీ మంచితనం ఎవురూ కాదనరు," అన్నాడు జంబన్న. "మామ ఇచ్చేది జీతం గాదప్పా, సాయం. మాట ఒకసారి చెప్పినాం. ఇట్ల ఒక్కొక్కరికి మార్చుకుంటా పోతే రేపు మా మాట ఎవురింటారు?"

ఆ ముసలాయన కూడా తన సరుకును కాపాడుకుంటున్నాడు.

వెంట తీసుకొచ్చిన ఆశకు అనూష ఏం చెప్పిందో నాకు తెలియదు. పాప ఏడవలేదు. కొత్త సంచి వీపుకు తగిలించుకొని శివు బండి ముందు కూర్చుంది. బూట్లు పెట్రోలు ట్యాంకుకు తగులుతుంటే శివు ఒంగి కాళ్ళు సరిచేశాడు. బండి పోయింది.

మేము బస్టాండులో చాలాసేపు కూర్చున్నాం. కురుగోడు బస్సు వచ్చింది. ఎక్కబోతూ అనూష మెట్టు మీదే ఆగిపోయింది.

"మామా, వాళ్ళకు ఏం చెప్పలేదు."

"ఏంది చెప్పలేదు?"

"గుడ్డులో పచ్చది తినదు. తీసి పెట్టాల. చారు పక్కన పోస్తే ముట్టదు, కలిపే పెట్టాల. నిద్రలో దొర్లుతాది, మంచం మీద ఒంటిగా పండబెట్టొద్దు. దగ్గొస్తే తెల్ల మందు పడదు, ఎర్రదే ఇయ్యాల. ఎవురూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

ఫోను చేద్దామంటే వినలేదు. బస్సు పోయింది. ఇద్దరం నడిచి శివు ఇంటికి పోయాం. పొద్దు గుంకుతోంది. వాకిట్లో ట్రాక్టరు నిలబడి ఉంది. తలుపు తెరిచే ఉంది. లోపల టీవీ ముందు ఆశ పీట మీద కూర్చొని అన్నం తింటోంది. రక్షిత పక్కన కూర్చొని ముద్దలు చేసి ఇస్తోంది. మమ్మల్ని చూసి గబుక్కున లేచి గడపలోకి వచ్చింది. చేతికి అన్నం మెతుకులు.

"రాండక్కా. కూసోండి. పాప తింటాంది."

అనూష గడప దాటలేదు. కంచం వైపు చూసింది. కంచం అంచున గుడ్డులోని పచ్చసొన విడిగా తీసి పెట్టి ఉంది. అన్నంలో చారు కలిపి ఉంది.

రక్షిత ఆ చూపు చూసి భయపడ్డట్టుంది. "పచ్చది తినదంట గదక్కా, తీసేసినా. పాపే చెప్పింది. చారు గూడా అట్లే కలపమనింది." తర్వాత, మెల్లగా, "ఇంగేమన్నా చెప్పాల్నా అక్కా?" అంది.

అనూష కంచం మీంచి చూపు తిప్పుకుంది.

"లేదు. అంతే," అంది.

ఆశ అప్పుడు తల తిప్పి మమ్మల్ని చూసింది. నోటినిండా అన్నం ఉంది. చుట్టాలకు ఊపినట్టు చెయ్యి ఊపి, మళ్ళీ టీవీ వైపు తిరిగింది.

వీధి మలుపు దాకా అనూష ముందు నడిచింది. అక్కడ ఆగి, "బస్సు ఉండాదా మామా?" అంది.

"ఉండాది," అన్నాను.

లేదని నాకు తెలుసు. ఆ ఇంటి ముందు నిలబడటం కంటే రోడ్డు మీద నిలబడటం మేలనిపించింది.